గుడ్డ టాపు బండి, పదకొండో భాగం: బిగిసిన చక్రాలు

కిందటి వారం స్వర్ణకుమారిని షెడ్డు తలుపు ముందు, చేతిలో తాళం చెవితో నిలబెట్టి వచ్చేశాం. పాపం, ఏడు రోజులుగా అలాగే నిలబడి ఉంది. లోపల ఏముందో చూడాలని మీకెంత తొందరగా ఉందో ఆ పిల్లకి అంతకు పదింతలుంది. అయినా ఈ వారమే కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పి తలుపు తీయిస్తాను, కాస్త ఓపిక పట్టండి.

ఖరగ్‌పూర్ రైల్వే కార్ఖానాలో ట్రిమ్మరుగా, అంటే రైలు పెట్టెల్లో సీట్లూ తెరలూ కుట్టే పనివాడిగా, ముప్పై ఎనిమిదేళ్ళు చేసి రిటైరైన జెఫ్రీకి ఒక కారుండేది. అరవైల నాటిది, రెండు తలుపులది, పాత రైలు పెట్టెల ఎరుపు రంగు వేసినది. దాని నెత్తిన రేకుండదు. ఇనప కమాన్ల మీద బిగించిన కాన్వాసు గుడ్డ ఉంటుంది. ఎండ హాయిగా ఉంటే వెనక్కి మడిచేయొచ్చు, వానొస్తే ముందుకి లాగి కొక్కేలు పెట్టేయొచ్చు. వాళ్ళ పేట న్యూ సెటిల్‌మెంట్‌లో అందరూ దాన్ని గుడ్డ టాపు బండి అనేవారు. ఆ గుడ్డలో సగం స్వర్ణ చేతి కుట్టే. పదిహేనేళ్ళ వయసులో జెఫ్రీ పక్కన పీట వేసుకు కూర్చుని ఆమె వేసిన మొట్టమొదటి కుట్టు దాని మీదే పడింది. ఆ పనే తర్వాత ఆమెకి టాటానగర్‌లో రైల్వే ఉద్యోగమైంది.

మూడేళ్ళ కింద జెఫ్రీ పోయాడు. ఆయన భార్య సూసన్న, సగం ఊరికి లెక్కలు చెప్పిన టీచరమ్మ, నర్సాపురంలో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతూ బండిని స్వర్ణకి అప్పగించింది. ఉత్తినే కాదు, రెండు షరతుల మీద. తను తిరిగొచ్చిన రోజున ఆ బండి ఏ హానీ లేకుండా, తన చక్రాల మీద తాను షెడ్డులోంచి బయటికి రావాలి. స్వర్ణ చెయ్యి తప్ప ఇంకో చెయ్యి దాని మీద పడకూడదు. ఆ రెండూ జరిగితే బండి స్వర్ణది. ఏ ఒక్కటి తప్పినా జెఫ్రీ అన్న కొడుకు రాబిన్‌ది. రెండో షరతు మరీ చాదస్తం అనుకోకండి. ఈ ఊళ్ళో పానా పట్టినవాడల్లా ఇంజనీరే, ఒక్కడికి తలుపు తీస్తే పదిమంది లోపలికొచ్చి తలొక మర విప్పుతారు. ఆ సంగతి ముప్పై ఎనిమిదేళ్ళు ఒక ట్రిమ్మరుతో కాపురం చేసిన టీచరమ్మకి తెలియదా?

సుభాష్‌పల్లిలో ఉండే రాబిన్ ఫోనులో ఒక కలకత్తా వ్యాపారి ఎప్పుడూ సిద్ధంగా ఉంటాడు. పాత కార్లు కొని, తలుపులొకరికీ చక్రాలొకరికీ అమ్మేసే వ్యాపారి. టాపు గుడ్డ అతనికి పనికిరాదు, చింపి పారేస్తాడు. షెడ్డున్న స్థలం చేతులు మారింది, రేపు సోమవారం కూల్చేస్తున్నారు. అందుకని ఏం తేలినా ఈ ఆదివారమే తేలాలి.

ఇంక తలుపు తీద్దాం.

* * *

తాళం తిరిగింది. రెండు రెక్కలూ బార్లా తెరుచుకున్నాయి. పదిన్నర ఎండ నేరుగా లోపలికి వెళ్ళి తెల్లటి దుప్పటి మీద పడింది. చర్చి నుంచి ఇటే వచ్చిన సూసన్న వేపచెట్టు నీడలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చుంది, ఒళ్ళో బైబిలు, దాని మీద కళ్ళజోడు. రాబిన్ చేతులు కట్టుకుని గోడకి ఆనుకున్నాడు. సందు మొదట్లో లారీ తెచ్చి పెట్టుకున్నాడు, అంత నమ్మకం.

స్వర్ణ లోపలికి నడిచింది. దుప్పటి అంచు పట్టుకుని ఒక్క లాగు లాగింది.

ఎరుపు! దుమ్ము లేదు, తుప్పు లేదు, మూడేళ్ళ కింద ఏ మైనం రుద్దిందో ఆ మైనం కింద అదే ఎరుపు. టాపు బిగుతుగా నిలబడి ఉంది. ఆమె వేళ్ళు వాటంతట అవే వెనక కుట్టు మీదికి పోయాయి. ఖరగ్‌పూర్ వానాకాలం తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, జూన్‌లో బీరువాలో పెట్టిన చొక్కా ఆగస్టులో పచ్చగా బయటికొస్తుంది. అలాంటి వానాకాలాలు మూడు గడిచినా కాన్వాసు మీద బూజు చుక్క లేదు. స్వర్ణకి గట్టిగా అరవాలనిపించింది.

"అరె వాహ్!" అన్నాడు రాబిన్. అనేసి నాలిక్కరుచుకున్నాడు. మూడేళ్ళ కింద నవ్వింది ఇతగాడే. పాత నూలు దుప్పట్లు నాలుగు కలిపి కుట్టి బండికి ముసుగేస్తుంటే, ఒక ప్లాస్టిక్ పట్టా కప్పేస్తే పోదా అని ఎగతాళి చేశాడు.

"టీచరమ్మా, చూసినారా? పట్టా కప్పుంటే లోపలి తడి లోపలే ఉండిపోయి గుడ్డ కుళ్ళిపోయీది. తాత చెప్పినాడు కదా, గుడ్డకి ఊపిరాడాలి అని," అంది స్వర్ణ. ఆమె తాత అన్నది జెఫ్రీని. సొంత తాత తవిటయ్య వేరే ఉన్నాడు, ఆయన దగ్గరికి వస్తాం. "టాపు మడిచి దాచకూడదని కూడా చెప్పినాడు. మడిచి ఉంచితే మడతల దగ్గర చిరిగిపోతాది, గుడ్డ పొట్టయిపోయి మళ్ళీ కొక్కేనికి అందదు."

"చెప్పడం ఆయనకి బాగా వచ్చు. వినేవాళ్ళే తక్కువ," అంది సూసన్న. గొంతు మామూలుగానే ఉంది గానీ కళ్ళజోడు తీసి మళ్ళీ పెట్టుకుంది.

స్వర్ణ బండి చుట్టూ తిరిగింది. సైలెన్సరు గొట్టంలో ఎలుకలు దూరకుండా కుక్కిన గిన్నెలు తోమే స్టీలు పీచు అలాగే ఉంది. రైలు పట్టాల కింది పాత చెక్క స్లీపర్లు కోయించి పెట్టిన దిమ్మల మీద బండి అలాగే ఉంది, నాలుగు చక్రాలూ నేలకి అంగుళం ఎత్తున. ఒకేచోట బరువు మోస్తే టైర్లు ఒక పక్క నొక్కుకుపోతాయని అలా ఎత్తించింది. అన్నీ తను పెట్టినట్టే ఉన్నాయి.

అలా అనుకుంటూనే తలుపు రబ్బరు మీద వేలు పెట్టింది. వేలికి తెల్లటి పౌడరు అంటుకుంది.

రబ్బరు పెళుసెక్కకుండా, ఒకదానికొకటి అంటుకోకుండా పౌడరు రాసింది నిజమే. కానీ అది మూడేళ్ళ కింద. ఇది అంత పాతది కాదు, పైగా గంధం వాసన. తను రాసింది వాసన లేనిది. మెళ్ళో గొలుసుకున్న కారు తాళం చెవి తీసి తలుపు తెరిచింది. సీటు కింద పెట్టిన కలరా ఉండలు ఎప్పుడో కరిగి మాయమైపోవాలి. శనగగింజంత ఉండలు ఇంకా మిగిలి ఉన్నాయి. అన్నిటినీ మించి, రెండు సీట్ల మధ్య హ్యాండ్ బ్రేకు పైకి లాగి, గట్టిగా బిగించి ఉంది.

స్టీరింగుకి తను కట్టిన అట్టముక్క ఆమె మొహం ముందే వేలాడుతోంది. దాని మీద ఆమె రాతే ఉంది: హ్యాండ్ బ్రేకు వేయరాదు.

ఎవరో లోపలికొచ్చారు. ఒక్కసారి కాదు, చాలాసార్లు వచ్చారు. రాబిన్ వైపు చూసింది. అతను ఫోనులో ఏదో టైపు చేస్తున్నాడు. అతనే అయితే పౌడరెందుకు రాస్తాడు? పాడుచేసేవాడు కలరా ఉండలు మారుస్తాడా? ఆమె చప్పుడు కాకుండా బ్రేకు కిందికి దించేసింది, ఏమీ చూడనట్టు దిగింది.

పని ఆపితే అనుమానం వస్తుంది. కొత్తగా చార్జి చేయించి తెచ్చిన బ్యాటరీ ఎత్తి పెట్టింది. ఖాళీ చేసి ఉంచిన ట్యాంకులో తాజా పెట్రోలు పోసింది. ప్లగ్గులు విప్పి ఒక్కో చిల్లులో నాలుగు చుక్కల ఆయిలు వేసి, ముందు నుంచి హ్యాండిలు పెట్టి ఇంజను చేత్తో తిప్పింది. మూడేళ్ళు కదలని ఇంజను మొరాయించాలి. ఇది నిన్ననే తిప్పినట్టు మెత్తగా తిరిగింది. అది చూసి సంతోషపడాలో భయపడాలో ఆమెకి తెలియలేదు, రెండూ కలిసే పడింది.

ప్లగ్గులు బిగించి, సీట్లో కూర్చుని, తాళం తిప్పింది. ఖర్... ఖర్... అంతే. మళ్ళీ తిప్పింది. మూడోసారి బండి ఒళ్ళంతా దులుపుకుని, గొంతు సవరించుకుని, బుర్రుమని అందుకుంది!

అబ్బో, ఆ చప్పుడు! పక్కిళ్ళవాళ్ళు గోడల మీదికొచ్చేశారు. ఎవరో ఈల వేశారు. సూసన్న కుర్చీలోంచి సగం లేచి, చేత్తో నోరు మూసుకుని, మళ్ళీ కూర్చుంది. స్వర్ణ నవ్వుతోంది, కళ్ళల్లో నీళ్ళు, ఆ నీళ్ళు తుడుచుకోవాలని కూడా తోచలేదు.

నలుగురి కళ్ళ ముందు జాకీ పెట్టి దిమ్మలు ఒక్కొక్కటే తీస్తుంటే వెనక చక్రాల దగ్గర ఆమెకి ఇంకోటి కనిపించింది. కోసుగా చెక్కిన రెండు చెక్క ఆపులు. చక్రం దొర్లకుండా ముందొకటి, వెనకొకటి దోపి ఉన్నాయి. గాల్లో ఉన్న చక్రానికి ఆపులు! నేలకే తగలని చక్రం ఎక్కడికి దొర్లుతుందండీ? అంత తెలివైన పని చేసే జాతి ప్రపంచంలో ఒక్కటే ఉంది. స్వర్ణకి మనిషెవరో తెలిసిపోయింది. కాలితో ఆ చెక్కల్ని గోడ మూలకి తోసేసి, బండిని కిందికి దించి, గేరు వేసి క్లచ్చి వదిలింది.

బండి ముందుకి ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది. మళ్ళీ స్టార్టు చేసింది, మళ్ళీ కుదుపు, మళ్ళీ ఆగింది. వెనక చక్రాలు రెండూ రాయిలా బిగిసి ఉన్నాయి. బ్రేకు దించినా, చక్రాన్ని ఒత్తిపట్టే లోపలి షూలు చుట్టూ ఉన్న ఇనప డ్రమ్ములకి తుప్పు పట్టి అతుక్కుపోయాయి.

"హో గయా," అన్నాడు రాబిన్, గోడ నుంచి వీపు తీసి పిన్ని సూసన్న వైపు తిరుగుతూ. "చాచీ, ఇంజను చప్పుడు చేస్తే సరిపోదు కదా? బండి బయటికి రావాల. లారీని రమ్మంటాను."

"టీచరమ్మా, ఒక్క గంట ఇవ్వండి," అంది స్వర్ణ.

సూసన్న వాచీ చూసుకుంది. పరీక్ష హాల్లో చూసినట్టే చూసింది. "పన్నెండున్నర. ఆ తర్వాత నేను మాట మార్చను."

* * *

ఆ తెలివైన జాతి మనిషి జెఫ్రీ పాత ఇంటి గేటు బయట, రోడ్డుకి అవతల, సైకిలు రిపేరు కొట్టు బల్ల మీద కూర్చుని ఉన్నాడు. డెబ్భై నాలుగేళ్ళ తవిటయ్య, స్వర్ణ తాత, క్యారేజి ఫిట్టరుగా, అంటే రైలు పెట్టెల చక్రాలూ బ్రేకులూ చూసే పనివాడిగా, రిటైరైనవాడు. మోకాలికి పట్టీ, చేతిలో కర్ర. పన్నెండేళ్ళుగా ఈ గేటు దాటనని ఒట్టేసుకున్న మనిషి. ఇంజను చప్పుడు విన్నప్పుడు లేచి నిలబడ్డాడు, ఆగిపోగానే కూలబడ్డాడు. స్వర్ణ చరచరా రోడ్డు దాటి ఎదురుగా నిలబడింది.

"తాతా, షెడ్డులోకి ఎల్లినావా?"

"నాకేటి పని? ఆడి బండి మొకం సూస్తే ఒట్టని సెప్పినాను కదా."

"గాల్లో ఉన్న చక్రానికి ఆపులు పెట్టినారు తాతా ఎవరో. బ్రేకు బిగించినారు. ఊరు మొత్తం మీద అలాటి పని నువ్వు కాకపోతే ఎవలు చేస్తారు?"

తవిటయ్య కర్ర వైపు చూశాడు. సైకిలు కొట్టువాడి వైపు చూశాడు. ఆఖరికి మనవరాలి వైపు చూడక తప్పలేదు.

"నిలబెట్టిన బండికి బ్రేకు బిగించకండా ఒగ్గేస్తే సస్పెండు సేసేస్తారే గుంటా," అన్నాడు చిన్న గొంతుతో. "బ్రేకు బిగించాల, సెక్కలు దోపాల. నలభై ఏళ్ళు అదే సేసినాను. సెయ్యి దానంతటదే పోతాది, నానేటి సెయ్యను?"

"అది రైలు పెట్టె కాదు తాతా, కారు! నెలల తరబడి బ్రేకు ఏసి ఉంచితే అతుక్కుపోతాది. అందుకే కదా అట్ట మీద అంత పెద్ద అక్షరాలతో రాసినాను?"

"సూసినాను. అయితే పతీ ఆదివారం మళ్ళీ నానే తీసీవోడ్ని కదా అనుకున్నాను. చర్చీ టైములో ఎవలూ ఉండరు, నువ్వు టాటానగర్‌లో డ్యూటీలో ఉండీదానివి. ఎల్లి, ఇంజను హ్యాండిలుతో రెండు సుట్లు తిప్పి, చక్రాలు తిప్పి, రబ్బర్లకి పౌడరు రాసి వచ్చీవోడ్ని. మొన్న జూన్‌లో బాత్రూంలో పడ్డాను కదేటి? మోకాలు పోనాది. నాలుగు నెలలు మంచం దిగలేదు. ఆ ఆదివారం ఏసిన బ్రేకు అలాగే ఉండిపోనాది. వానలన్నీ ఆ నాలుగు నెలల్లోనే..."

ఆయన కర్ర కొనతో నేల గీకాడు.

స్వర్ణకి ఒళ్ళు మండిపోయింది. అరవాలని నోరు తెరిచింది కూడా. పన్నెండేళ్ళ కింద క్రిస్మస్ ఊరేగింపులో ఈయనే ఆ బండి నడిపాడు. టాపు సగం మడిచి, కొక్కెం పెట్టడం మర్చిపోయి, జోరుగా పోనిచ్చాడు. గాలికి టాపు ఎగిరి కమాను వంగి గుడ్డ నిలువునా చిరిగిపోయింది. నలుగురిలో జెఫ్రీ, నీకు గూడ్సు బండే సరి, పో అని తిట్టేశాడు. ఆ ఒక్క మాటకి ముప్పై ఏళ్ళ స్నేహం తెగింది. చిరిగిన ఆ టాపు స్థానంలో కొత్తది కుట్టేటప్పుడే స్వర్ణ సూది పట్టుకుంది. తర్వాత జెఫ్రీ మంచం పట్టాడు, పోయాడు. ఈ మొండి మనిషి చివరి చూపుకి కూడా గేటు దాటలేదు.

అలాంటివాడు మూడేళ్ళు ప్రతి ఆదివారం దొంగలా వచ్చి ఆ బండికి సేవ చేశాడు.

"ఎందుకు తాతా?" అంది. అరుపు రాలేదు.

"ఆడికి సెప్పాల్సింది సెప్పలేకపోనాను," అన్నాడు తవిటయ్య. "బండికి సేసినాను."

స్వర్ణ ఆయన భుజం మీద చెయ్యి వేసింది. కోపం పోలేదు, ఉంది. దాని పక్కనే ఇంకోటి కూడా వచ్చి కూర్చుంది. గడియారం పదకొండూ ఇరవై అయింది.

"సరే. అతుక్కున్న డ్రమ్ము ఎలాగ విడగొట్టాల? నాకు గుడ్డ పని తప్ప తెల్దు. నువ్వు ముట్టకూడదు, నోటితో చెప్పు. గేటు దగ్గిరకి రా."

* * *

ఆ తర్వాతి గంట చూడాలి! తవిటయ్య గేటు బయటే ఆగి, ఊచలు పట్టుకుని, కార్ఖానాలో అప్రెంటిసుల మీద అరిచినట్టు అరిచాడు. స్వర్ణ షెడ్డులో కింద కూర్చుని చక్రం విప్పి, చెక్క సుత్తి పట్టుకుంది.

"ముందు అడ్జస్టరు ఒదులు సెయ్యి! ఎనక పలకకి బయటుంటాది సూడు, సదరంగా... ఎడమకి తిప్పు!"

"తిరిగింది!"

"ఇప్పుడు డ్రమ్ము అంచు మీద కొట్టు. మొకం మీద కాదే, అంచు మీద! సుట్టూతా తిప్పుకుంటా కొట్టు. గట్టిగా ఒద్దు, పగిలిపోద్ది!"

"ఆయిలు పొయ్యనా?"

"ఓలమ్మో, ఒద్దు! సెంబుడు ఆయిలు పోసినావంటే షూలు తాగేసి ఇంక ఈ జన్మకి బ్రేకు పట్టదు!"

రాబిన్‌కి మండింది. "దిస్ ఈజ్ చీటింగ్, చాచీ! తాత చెప్తుంటే చేస్తన్నాది."

"చెయ్యి పడకూడదన్నాను. నోటి సంగతి నేను చెప్పలేదు," అంది సూసన్న, బైబిలు మూయకుండా. లెక్కల టీచరు కదా, అన్న మాట అన్నట్టే ఉండాలి.

టక్, టక్, టక్. మొదటి డ్రమ్ము చుట్టూ ఆరు సార్లు తిరిగాక లోపలెక్కడో పటుక్కుమంది. చక్రం స్వేచ్ఛగా తిరిగింది. గోడల మీద జనం చప్పట్లు కొట్టారు. రెండోది మహా మొండిది. స్వర్ణ చేతులు బొబ్బలెక్కాయి, చెమట కళ్ళల్లోకి దిగింది. లారీ డ్రైవరు కూడా వచ్చి గోడ పక్క నిలబడి, "ఆర్ ఎక్టు, దీదీ! హోయే జాబే!" అని, ఇంకొంచెమే, అయిపోతుందని బెంగాలీలో ఉత్సాహపరుస్తున్నాడు. రాబిన్ అతని వైపు చూసిన చూపుకి మనిషి మాడిపోవాలి, అతను పట్టించుకోలేదు.

పన్నెండూ పది. పన్నెండూ పదిహేను.

"ఆగు!" అని అరిచాడు తవిటయ్య. "కొట్టడం ఆపు. సెవి పెట్టి ఇను. ఒక పక్క మంద్రంగా మోగుతాది, అక్కడే అతుక్కున్నాది. అక్కడ కొట్టు!"

స్వర్ణ సుత్తి ఆపి, చెవి ఆనించి, మెల్లగా తడుతూ వచ్చింది. పైన, కుడి పక్క, చప్పుడు బరువుగా ఉంది. అక్కడే, అంచు మీదే, మూడు దెబ్బలు వేసింది.

పటుక్!

ఇంక ఆ గోల నేను రాయలేను. చక్రాలు ఎలా బిగించిందో, ఎలా లోపల కూర్చుందో స్వర్ణకే గుర్తు లేదు. ఇంజను ఒక్క తిప్పుకే అందుకుంది. క్లచ్చి వదిలింది. బండి కదిలింది! షెడ్డు నీడలోంచి ఎర్రటి ముక్కు బయటికొచ్చింది, తర్వాత అద్దం, తర్వాత గుడ్డ టాపు, మూడేళ్ళ తర్వాత ఎండ దాని మీద పడింది. వేపచెట్టు కింద, టీచరమ్మ కాళ్ళకి నాలుగడుగుల దూరంలో తెచ్చి ఆపింది. పన్నెండూ ఇరవై ఆరు. బండి తనది! సాలువా రోడ్డు మీద టాపు మడిచి పోతున్నట్టు ఒక్క క్షణం కళ్ళ ముందు కనిపించింది కూడా.

సూసన్న లేచి వచ్చి టాపు మీద అరచెయ్యి వేసింది. వెనక కుట్టు వెంట మెల్లగా నడిపించింది. "ఏం హాని జరగలేదు," అంది. "ఏమీ జరగలేదు, స్వర్ణా."

"ఏక్ మినిట్." రాబిన్ షెడ్డులోంచి వస్తున్నాడు. చేతిలో కోసుగా చెక్కిన చెక్కముక్కలు రెండు. "చాచీ, ఈ వెడ్జీలు ఎక్కడివో అడగండి. బండిని దిమ్మల మీద పెట్టిన రోజు నేను ఇక్కడే ఉన్నాను, ఫోటోలు తీసినాను. వెడ్జీలు లేవు. ఆ పౌడరు వాసన కూడా అప్పుడు లేదు. ఎవడో లోపలికొచ్చినాడు. దీదీ కాదు, దీదీ టాటానగర్‌లో ఉన్నాది."

సూసన్న చెక్కముక్కల్ని చూసింది, స్వర్ణని చూసింది.

"ఇవి నువ్వు పెట్టావా?"

అవును అంటే చాలు. సెలవుకి వచ్చినప్పుడు పెట్టానని అంటే చాలు, ఎవరూ కాదనలేరు, బండి ఆమెదైపోతుంది. పదిహేనేళ్ళప్పుడు వేసిన ఆ కుట్లు ఎవడి చేతిలోనూ చిరగవు. స్వర్ణ నాలిక చివరికి ఆ మాట వచ్చింది. వచ్చి, అక్కడే నిలబడింది. ఈ టీచరమ్మ దగ్గరే అయిదో తరగతిలో కాపీ కొట్టి దొరికిపోయి, ఏడుస్తూ నిజం చెప్పిన పిల్ల ఆమె. ఇప్పుడు ఇరవై ఏడేళ్ళు, అయినా ఆ కళ్ళజోడు ముందు అబద్ధం రాలేదు.

"కాదు టీచరమ్మా. నేను పెట్టలేదు," అంది. ఎవరు పెట్టారో మాత్రం చెప్పలేదు.

రాబిన్ లారీ వైపు చెయ్యి ఊపాడు.

గేటు కిర్రుమంది. పన్నెండేళ్ళుగా నలుగురి ఎదుట దాటని ఆ గేటు తవిటయ్య దాటాడు. కర్ర ఊతంగా, మోకాలు ఈడ్చుకుంటూ, అంతమంది చూస్తుండగా వచ్చి సూసన్న ముందు నిలబడ్డాడు. తల పైకెత్తలేదు.

"ముట్టింది నాను, టీచరమ్మా. గుంటకి తెల్దు. పతీ ఆదివారం నానే వచ్చినాను. బ్రేకు కూడా నానే ఏసినాను, తప్పు నాదే. ఆడు ఉండగా రాలేకపోనాను. చచ్చినాక వచ్చినాను. నన్నేటన్నా అనండి, దాన్ని మట్టుకు అనకండి."

మనవరాలు తాత చెయ్యి పట్టుకుంది. రాబిన్ లారీ వైపు ఊపుతున్న చెయ్యి దించాడు.

"షెడ్డు తాళం చెవి మీ ఇంట్లోనే ఉంటుంది, తీసుంటారు," అంది సూసన్న. "కారు తలుపులకి తాళం వేసుంది. దాని చెవి స్వర్ణ మెళ్ళో ఉంది. మీరు లోపలికెలా వెళ్ళారు?"

తవిటయ్య పంచె మడతలోకి చెయ్యి పెట్టి, మొలతాడుకి కట్టుకున్నది విప్పి, అరచేతిలో పెట్టి చాపాడు. కారు తలుపుదే, చిన్న తాళం చెవి. దాని చిల్లుకి నీలం లేసు ముక్క కట్టి ఉంది.

సూసన్న చేతిలోంచి బైబిలు జారి నేల మీద పడింది. జీవితంలో ఎన్నడూ బైబిలు కింద పడనివ్వని మనిషి, వంగి తీసుకోలేదు. ఒక అడుగు ముందుకేసి ఆ లేసు ముక్కని వేలితో తాకింది. తాకి, కాలినట్టు వెనక్కి తీసుకుంది.

"ఈ లేసు నా పెళ్ళి గౌనుది," అంది. "నా చేత్తో కట్టి, నా చేత్తోనే ఆయన కోటు జేబులో పెట్టి, శవపెట్టె మూత వేయించాను. అందరూ చూస్తుండగా మట్టి వేశారు. మట్టి కిందున్న చెవి మీ చేతికెలా వచ్చింది, అన్నయ్యా?"